చుట్టుదావ నడిమి బండ

ఎస్తేరు కాళ్లకు నీళ్లు తెలుస్తాయంట.

ఆ మాట మొదట కుళాయి దగ్గర పుట్టింది. షేర్ ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోయింది. అక్కడ టీ అంగళ్ల ముందు కాసేపు కూర్చుని బెళుగుప్ప దాకా పాకింది. తిరిగి ఊరికి వచ్చేసరికి పోయిన దానికన్నా బాగా ఒళ్లు చేసింది.

"చెప్పులు ఇడిచిపెట్టి నడుస్తాదంట మే. కింద ఏమీ లేకపోతే నడుస్తానే ఉంటాదంట. నీళ్లుండే తావుకు వస్తే ఇంక కాలు లేవదంట" అని మారెక్క బిందె కింద పెడుతూ చెప్పింది.

"ఎవరు సూసినారక్కా?"

"సూసినోళ్లు చెప్పకుండా నేనెట్ల చెప్తా? బెళుగుప్ప పక్క ఎవరో రైతుకు బోరు పాయింటు చూపిస్తే మూడించుల నీళ్లు ఎగదన్నినాయంట."

అదే వరుసలో, మారెక్క వెనకే, రెండు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని ఎస్తేరు నిలబడి ఉంది. తన గురించే మాట్లాడుతున్నారని ఆమెకు తెలుసు. తల వంచుకుని కుళాయి సన్నటి ధార వైపే చూస్తోంది. ఎస్తేరు వెనక ఓబన్న కూతురు అంజలి ఉంది. కాళ్లకు నీళ్లు తెలిసిన మనిషి నీళ్ల కోసం ఇంతసేపు నిలబడటమేమిటా అని అంజలికి అనిపించింది. అయితే అంజలి అనిపించినవన్నీ బయటికి అనే పిల్ల కాదు. అమ్మ కీళ్లవాతంతో మంచం పట్టినప్పుడు తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. అప్పటినుంచి ఆ పిల్ల మాటలు కూడా బడిలోనే మిగిలిపోయాయని ఊళ్లో నవ్వుతూ అంటారు.

ఎస్తేరుది ఆ ఊరే. చిన్న వయసులోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బెంగుళూరు పక్క పనికి పోయి, ఊరికి దూరంగా చర్చి సిస్టర్లు నడిపే ఒక ధ్యాన మందిరంలో వంటమనిషిగా కుదిరింది. జనం అక్కడికి వచ్చి రెండు మూడు రోజులు మాట్లాడకుండా ఉండి పోయేవాళ్లు. ఎస్తేరుకు అది మొదట్లో జబ్బేమోననిపించింది. ఇంతమంది ఒకచోట అన్నం తింటూ ఒకరితో ఒకరు మాట్లాడకపోతే ఏమనుకోవాలి? సిస్టర్లు ముసలివాళ్లయ్యారు, మందిరం మూతబడింది. ఎస్తేరు ఒక ట్రంకు పెట్టె, రెండు సత్తు గిన్నెలు తీసుకుని ఊరికి తిరిగి వచ్చింది. చర్చి ఊడ్చి, దీపాలు చూసుకుంటానంటే సంఘం వాళ్లు చర్చి వెనకున్న ఒంటిగది ఇచ్చారు.

కాళ్ల మాట పుట్టకముందు, చలికాలం మొదలవగానే చర్చి పక్క బీడులో ఎస్తేరు ఒక పని పెట్టుకుంది. నేలలో గూటం కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర బూడిద చల్లుకుంటూ గుండ్రంగా తిరిగింది. చేన్ల గట్ల మీద ఏరి పోసిన రాళ్లను చీర కొంగులో తెచ్చి ఆ బూడిద గీతల మీద పేర్చింది. దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏమక్కా, గొర్రెలకు దొడ్డి కడతాండావా?"

"కళ్లం చేస్తాండావా? ముందు చెనిక్కాయ పండనీ, కళ్లం మేమే చేసిస్తాం!"

ఎస్తేరు నవ్వి ఊరుకునేది. నిజానికి ధ్యాన మందిరం పెరట్లో అలాంటి రాళ్ల చుట్లు మొదటిసారి చూసినప్పుడు ఆమె కూడా కళ్లమనే అనుకుంది. తర్వాత ఒక ముసలి సిస్టరు చెయ్యి పట్టుకుని వెంట నడిపించింది. కాదనడానికి భయపడి నడిచింది. మరుసటి సాయంత్రం గిన్నెలు తోమాక, ఎవరూ పిలవకుండానే మళ్లీ పోయి నడిచింది. ఆ చుట్లకు సిస్టర్లు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పేవాళ్లు. అది ఎస్తేరు నాలుకకు ఎక్కలేదు. ఆమె దాన్ని చుట్టుదావ అంది.

చుట్టుదావ పూర్తయ్యాక సంఘం పెద్ద జాకబ్ వచ్చి, దాని అంచున నిలబడి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. అంజలి ఆ పక్కనే ఎద్దులను మేపుతూ ఆ మాటలన్నీ విన్నది.

"ఏమమ్మా ఎస్తేరూ, ఇది ప్రదక్షిణం కాదు కదా?"

"కాదన్నా. నడిచి ప్రార్థన చేసుకునేదానికి."

"పద్మవ్యూహమని అంటాండాడు మన రామాంజి. లోపలికి పోయినోడు బయటికి రాడంట."

"ఇది అట్లాది కాదన్నా. ఒకటే దావ. తప్పిపోయేదానికి ఇంకో దావే లేదు. పోయినదావనే బయటికి వస్తారు."

"సరే. నోరు తెరవకుండా నడిస్తే ప్రార్థన ఎట్లయితాది?"

ఎస్తేరు వంగి, పక్కకు జరిగిన రాయి ఒకటి సరిచేసింది. "బైబిల్లో యెరికో కోట చుట్టూ తిరిగినోళ్లు నోరు తెరిచినారా అన్నా?"

జాకబ్ గోకడం ఆపాడు. "ఆడ గోడ పడిందమ్మా. ఈడ పడేదానికి గోడ కూడా లేదు కద."

అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చివరికి, యౌవనస్థులు అర్ధగంటయినా ఫోన్లు చూడకుండా ఉంటారంటే అదీ ఒక మేలేనని ఒప్పుకున్నాడు. కళ్యాణదుర్గం నుంచి పాస్టరు నెలకొకసారి వస్తాడు. ఆయన వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నారు. ఆయన వచ్చినప్పుడు అందరూ మరిచిపోయారు.

చలికాలం పోయి ఎండలు ముదిరాక, ఒక శనివారం యౌవనస్థుల కూడికకు వచ్చిన పిల్లలను ఎస్తేరు చుట్టుదావ దగ్గరికి పిలిచింది. అందరూ పొద్దున కరువు పనికి పోయి మట్టి తవ్వి వచ్చినవాళ్లే. ఫోన్లన్నీ ఒక చేటలో పెట్టించింది. చెప్పులు విడవమంది. నేల ఇంకా ఆవిరి కక్కుతూనే ఉంది.

"ఏమనుకోవల్లత్తా నడిచేటప్పుడు?" అని ఒక పిల్ల అడిగింది.

"పోయేటప్పుడు నీలో ఉండేది దేవునికి చెప్పుకో. నడుమ బండ మీద గమ్మున నిలబడు. వచ్చేటప్పుడు ఆయన ఇచ్చింది తీసుకో."

"ఏమిస్తాడు?"

"నాకేం తెలుసు మే? నాకు ఒగోసారి ఏమీ ఇయ్యడు."

పిల్లలు మొహాలు చూసుకున్నారు. రామాంజి చర్చికి వచ్చేవాడు కాదు, స్నేహితుల వెంట ఊరికే వచ్చాడు. ఏమీ ఇవ్వని చోటికి ఇన్ని మలుపులు ఎందుకో వాడికి అర్థం కాలేదు. "కంబదూరు బస్సు కూడా ఇన్ని ఊర్లు తిరగదు కదప్పా" అన్నాడు. అయినా ముందుగా వాడే చెప్పులు విడిచాడు.

అంజలి వంతు వచ్చింది. మామూలు కూడికలో వంతు అంటే ఆమెకు భయం. ఒకరి తర్వాత ఒకరు గట్టిగా ప్రార్థన చేయాలి. తన దాకా వచ్చేసరికి దగ్గు తెచ్చుకుంటుంది, పక్కపిల్ల అందుకుంటుంది. ఇక్కడ ఎవరూ నోరు తెరవమనలేదు. అదే ఆమెను లోపలికి నడిపించింది.

నాలుగు మలుపులు తిరిగేసరికి నడుమ బండ చేతికందేంత దగ్గరికి వచ్చింది. అబ్బ, అయిపోయిందనుకుంది. అంతలో దావ ఆమెను పక్కకు తిప్పి, ఎక్కడో బయటి అంచుకు విసిరేసింది. తప్పు దావ పట్టానేమోనని అంజలి ఆగిపోయి ఎస్తేరు వైపు చూసింది. నడువు నడువు అన్నట్టు ఎస్తేరు చెయ్యి ఊపింది. దేవునికి ఏం చెప్పాలో తోచలేదు. ఎద్దుల తొట్టి గుర్తొచ్చింది, దాని అడుగున పచ్చగా పాకుడు పట్టిన గుక్కెడు నీళ్లు గుర్తొచ్చాయి. ఇది ప్రార్థనేనా? తెలియలేదు. తెలియకుండానే నడుమకు వచ్చేసి బండ మీద కాలు పెట్టింది.

బండ చల్లగా ఉంది.

నేలంతా సెగలు కక్కుతుంటే ఆ ఒక్క బండ చల్లగా ఉంది. అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా చల్లదనం ఎక్కింది. అంజలి కళ్లు మూసుకుంది. ఇదేనా ఆయన ఇచ్చేది? ఎవరినైనా అడగాలనిపించింది. ఏమని అడగాలి?

బయటికి వచ్చాక పిల్లలు తలో మాట చెప్పారు. ఒకడికి నిద్ర వచ్చింది. ఒక పిల్లకు ఊరికే ఏడుపొచ్చింది, ఎందుకో తనకే తెలియదు. రామాంజి మాత్రం అరికాలు ఎత్తి చూసుకుంటూ అరిచాడు.

"ఏయ్, నడుమ బండ సల్లగుండాది రోయ్! కింద ఊట ఉండాదేమో!"

వాడు నవ్వులాటకే అన్నాడు. అయితే ఈ పీఠభూమిలో నీళ్ల మాట ఎవరూ నవ్వులాటకు వినరు. బోర్లకు పాయింట్లు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని, తల వంచుకుని, చేన్లో ఇలాగే మెల్లగా తిరుగుతారు. టెంకాయ లేచి నిలబడిన చోట ఆగుతారు. ఎస్తేరూ తల వంచుకుని తిరుగుతోంది, నడుమకు వచ్చి ఆగుతోంది. ఇంకేం కావాలి? రామాంజి చేటలోంచి ఫోన్ తీసుకుని, ఎస్తేరు నడుస్తుంటే వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాడు. మరుసటి పొద్దున నలుగురు పెద్దలు వచ్చి బండ చుట్టూ గొంతుకూర్చున్నారు. బండ పక్కన గరిక పచ్చగా మొలిచి ఉంది, ఊరంతా గడ్డిపోచ లేని రోజుల్లో. బండ అంచు ఎత్తి చూస్తే కింద మట్టి చెమ్మగా ఉంది. ఒకరు ఆ మట్టిని పిడికిట్లో పిసికి వాసన చూశారు. పిడికిలి విప్పితే ముద్ద విడిపోలేదు.

ఆ పిడికిలి అంజలి నాయన ఓబన్నది.

చర్చి బీడుకు ఆనుకునే ఓబన్న చేను ఉంది. రెండేళ్లుగా చెనిక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయలు కట్టే సమయానికి వాన మొహం చాటేసింది. అంతకుముందు వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మాట ఊరంతా పాకేసరికి ఓబన్న ఎస్తేరు గుమ్మం ముందు నిలబడ్డాడు. అంజలి వెనక కాస్త దూరంలో ఆగింది.

"అక్కా, ఒగసారి నా చేన్లో నడువు."

"ఏంటికప్పా?"

"ఊరంతా అంటాండారు కదక్కా. నీ కాళ్లకు నీళ్లు తెలుస్తాయంట."

"నా కాళ్లకు నొప్పులు తప్ప ఏం తెల్దప్పా. నేను ప్రార్థనకు నడుస్తాండా."

"ఆ ప్రార్థనే నా చేన్లో చెయ్యి. నేనేమన్నా వద్దంటినా?"

"నాకు నీళ్లు తెల్దు ఓబన్నా. దేవుని తోడు తెల్దు."

ఓబన్న గుమ్మం దిగి వస్తూ కూతురితో అన్నాడు. "సూసినావా పాపా? తెలిసినోళ్లు ఎప్పుడూ తెల్దనే అంటారు. తెలియనోడే చూపిస్తా రమ్మంటాడు."

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. వెనకటి బోరుకు పాయింటు చూపించినవాడు పిలవకుండానే వచ్చి మరీ చూపించాడు. అంజలికి ఏది నమ్మాలో తెలియలేదు. అత్త అబద్ధం చెప్పదు. బండ చల్లగా ఉండటం కూడా అబద్ధం కాదు. ఆమె తన కాళ్లతోనే నిలబడింది కదా!

వారం తిరిగేసరికి ఓబన్న నిర్ణయానికి వచ్చేశాడు. బండ కింద ఊట ఉంటే దాని పాయ తన చేన్లోకి రాకుండా ఎక్కడికి పోతుంది? గట్టు పక్కనే కదా. మంగళవారం బోరు లారీ వస్తుంది. ఆ ఖర్చుకు ఎద్దులు అమ్మాల్సిందే, సోమవారం వ్యాపారి వస్తాడు. కర్రెద్దును, మైలెద్దును తోలుకుపోతాడు.

"ఎద్దులు పోతే సేద్యం ఎట్ల?" అని మంచం మీద నుంచే అంజలి అమ్మ తిమ్మక్క అడిగింది.

"నీళ్లు పడితే ఎద్దులు మళ్లీ వస్తాయి. నీళ్లు లేకపోతే ఎద్దులుండి ఏం చేయల్ల? వాటి తొట్టికే నీళ్లు లేవు" అని ఓబన్న అన్నాడు. తిమ్మక్క గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారమంతా అంజలి రోజూ సాయంత్రం చుట్టుదావ నడిచింది. ఊట ఉంటే ఉందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు, అని మలుపు మలుపుకూ దేవుణ్ణి అడిగింది. నడుమ నిలబడిన ప్రతిసారీ కాళ్లు చల్లబడ్డాయి. అంటే ఉందనా? ఉందనే అయితే, మనసులో ఈ గుబులెందుకు? బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతికి ఏ జవాబూ రాలేదు. ఎస్తేరు పక్కనే కూర్చుని తన పగిలిన పాదాలు రుద్దుకుంటూ ఉండేది. అడుగుదామని అంజలి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ దగ్గే వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం వ్యాపారి వచ్చాడు. ఎద్దుల నోళ్లు తెరిచి పళ్లు చూశాడు, తోకలు మెలిపెట్టాడు, బేరం కుదిరింది. పగ్గాలు ఇచ్చే ముందు ఓబన్నకు ఏం తోచిందో, "ఒగసారి ఆ బండ మీద నిలబడి వస్తా" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆ మట్టి పిసికి చూశాడే తప్ప బండ ఎక్కలేదు. వెంట వ్యాపారి, జాకబ్, రామాంజి బయల్దేరారు. అంజలి అందరికన్నా వెనక. పొద్దు ఇంకా నడినెత్తి దాటి ఎంతో కాలేదు. పొద్దున కుళాయి దగ్గర గానీ, చర్చి దగ్గర గానీ ఎస్తేరు ఎవరికీ కనబడలేదు.

ఓబన్న చెప్పులు విడిచి రాళ్ల వరుసలు దాటబోయాడు.

"అడ్డం దాటకూడదు నాయనా" అంది అంజలి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు.

ఓబన్న కూతురి వైపు వింతగా చూసి, వెనక్కి వచ్చి, దావ మొదట్లో నిలబడ్డాడు. నడవడం మొదలుపెట్టాడు. కాళ్లు కాలుతుంటే మొదటి మలుపులో గొణిగాడు. రెండో మలుపులో ఎవరినో తిట్టాడు. బండ దగ్గరికి వచ్చి మళ్లీ దూరంగా పోవాల్సి వచ్చినప్పుడు, "ఇదేం దావప్పా, చూపించి ఇయ్యకుండా!" అన్నాడు. ఆ తర్వాత తల వంచుకుని నడిచాడు. ఆ మనిషి తల అంత కిందికి వంగడం అంజలి ఎప్పుడూ చూడలేదు. నడుమకు చేరి, రెండు కాళ్లూ బండ మీద పెట్టాడు.

మరుక్షణం ఎగిరి అవతల పడ్డాడు.

"అబ్బా! పెనం మాదిరి కాలతాండాది కద రా!"

రామాంజి రాళ్లు దాటుకుని పోయి చెయ్యి పెట్టి చూశాడు. జాకబ్ చూశాడు. బండ నిప్పులా ఉంది. గరిక వాడిపోయి ఉంది.

"ఊట యాడికి పాయ?" అన్నాడు ఓబన్న.

"ఎండపొద్దు కిందికి దిగుతాదేమో. సాయంత్రం మళ్లీ ఎక్కుతాది" అని రామాంజి అన్నాడు.

"ఎవరిదన్నా దిష్టి తగిలిందేమో" అన్నాడు జాకబ్. సంఘం పెద్దననే సంగతి అప్పుడు గుర్తొచ్చి, "అట్లాటివి మనం నమ్మకూడదు లే" అని తనే సర్దుకున్నాడు.

ఓబన్న అరికాలు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. "దిగినా ఎక్కినా నీళ్లు నీళ్లే కద. లారీవానికి మాట ఇచ్చేసినా" అని లేచాడు. అడ్డం దాటితే నాలుగంగల్లో బయటపడేవాడు. ఎందుకో దాటలేదు. ఒక్కో మలుపూ కుంటుతూ తిరిగి, వచ్చిన దావనే బయటికి వచ్చాడు.

వాళ్లు ఎద్దుల వైపు పోతుంటే అంజలి మాత్రం కదల్లేదు. నిన్న సాయంత్రం చల్లగా ఉన్న బండ ఇప్పుడు కాలుతోంది. ఏది నిజం? ఇంక ఎవరిని అడగాలి? చర్చి వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మం పక్కన రెండు బిందెలూ బోర్లించి ఉన్నాయి.

ఎస్తేరు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. నుదురు కాలిపోతోంది.

"ఎవరు?"

"నేనత్తా, అంజలిని."

"రాత్రి నుంచి జ్వరం మే. కుళాయి కాడికి కూడా పోలేకపోతి." ఎస్తేరు మోచేతి మీద లేవబోయి మళ్లీ పడుకుంది. "పిల్లోళ్లు వస్తే ఈ పొద్దు బండ ఎక్కొద్దని చెప్పు. నీళ్లు పోయలేదు."

"ఏం నీళ్లత్తా?"

"బిందె నీళ్లే. ఎండలు ముదిరినప్పటి నుంచి, నడిచేదానికి ముందు దినామూ ఒగ బిందె పోస్తా కద. ఆడ సిస్టరమ్మల కాడ చెట్టు నీడ ఉండె. ఈడ యాడుండాది నీడ? కాళ్లు కాలతాంటే గమ్మున ఎట్ల నిలబడతారు?" ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించి అంది. "మారెక్కకు చెప్పొద్దు తల్లీ. తాగే నీళ్లు రాళ్లపాలు చేస్తాండానని నన్ను ఊర్లో ఉండనీదు."

అంజలి గుమ్మం పక్కన బోర్లించిన బిందెల వైపు తిరిగి చూసింది. "నాయన అడిగినప్పుడు ఏంటికి చెప్పలేదత్తా?" అంది.

"మీ నాయన నా కాళ్ల సంగతి అడిగె. నా కాళ్లకు ఏం తెల్దని చెప్తి. బండ సంగతి నన్ను ఎవరడిగినారు?"

అంజలి అప్పటికే గుమ్మం దాటింది. బీడులో ఒక చెప్పు తెగి ఎక్కడో పడిపోయింది. పోయేసరికి ఓబన్న పగ్గాల కొసలు వ్యాపారి చేతిలో పెట్టబోతున్నాడు. చుట్టూ జాకబ్, రామాంజి, ఇంకా చూడటానికి వచ్చినవాళ్లు. అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. కూడికలో వంతు వచ్చినప్పటిలాగే దగ్గు వచ్చింది. దగ్గి, మళ్లీ దగ్గి, ఈసారి పక్కన అందుకునే పిల్ల ఎవరూ లేరని చూసుకుంది.

"ఆడ నీళ్లు లేవు నాయనా."

పగ్గాలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. "నీకెట్ల తెలుసు పాపా?"

"ఆ నీళ్లు ఎస్తేరత్త పోస్తాండాది. కుళాయి కాడ పట్టుకున్న రెండు బిందెల్లో ఒగటి దినామూ ఆ బండ మీద పోస్తాండాది. ఈ పొద్దు జ్వరమొచ్చి పోయలేదు."

ఓబన్న కూతురి మొహంలోకి చూస్తూనే పగ్గాలను మెల్లగా వెనక్కి తీసుకుని తన చేతికే చుట్టుకున్నాడు. ఈ ఊరివాడు కాని వ్యాపారికి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

"బండ మీద నీళ్లు పోసేదేందమ్మా ఈ కరువులో? ఏంటికి?" అన్నాడు.

"మా కాళ్లు కాలకుండా."